అచ్చుపెట్టెలో శనివారం

పడవల కంపెనీ మేనేజరమ్మకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ రోజు ఫోన్లో ఆవిడ గొంతు ఎంత తగ్గిందంటే, పెద్దన్న కుర్చీలోంచి లేచి వెళ్లి, గరగరలాడే ఫ్యాను ఆపి వచ్చి మరీ వినాల్సి వచ్చింది.

"మూడు చోట్ల పడవ రద్దని రాశారు. నాలుగో చోట టైముకే బయల్దేరుతుందని ఉంది. అది చూసుకుని జనం పొద్దున్నే పొగమంచులో రేవుకొచ్చి నిలబడ్డారండీ. చంటిపిల్లలతో. వాళ్లకి నేనేం చెప్పను?"

ఆ నాలుగు వెబ్‌సైట్లూ పెద్దన్న వాళ్లు కట్టినవే. ప్రయాణికుల టికెట్లకొకటి, బండ్లు ఎక్కించడానికొకటి, పార్సిళ్లకొకటి, నెలవారీ పాసులకొకటి. పడవలు ఆగితే ఆ సంగతి నాలుగింట్లోనూ విడివిడిగా చేత్తో రాయాలి. మూడింట్లో రాసిన చెయ్యి నాలుగోది మరిచిపోయింది.

"గురువారం వస్తాను" అంది మేనేజరమ్మ. "నాలుగూ ఒకటిగా పనిచేస్తున్నాయని నా కళ్లతో చూడాలి. అప్పటికప్పుడు ఒక మార్పు అడుగుతాను. నా కాఫీ అయ్యేలోపు నాలుగు చోట్లా కనబడాలి. లేదంటే, ఏమనుకోకండి, ఈ పని పెద్ద కంపెనీకి ఇచ్చేస్తాం."

సైకిళ్లు బాగుచేసే దుకాణం మీద రెండు గదులు, అందులో ముగ్గురు మనుషులు. అదే వాళ్ల ఆఫీసు. పెద్దన్న, ఆయన తమ్ముడు, తమ్ముడి భార్య. పళ్ల డాక్టరు సైటూ, డ్రైవింగు నేర్పేవాళ్ల సైటూ లాంటివి కొన్ని ఉన్నా అవన్నీ కొమ్మలే. పడవల పనే మాను. అది పడిపోతే తమ్ముడూ మరదలూ ఏదో దూరపు ఊళ్లో ఉద్యోగాలు వెతుక్కోవాలి. పెద్దన్నకు ఇంట్లో ఎలాగూ ఎవరూ లేరు. భార్య పోయి నాలుగేళ్లయింది. ఇక ఇక్కడా ఎవరూ ఉండరు. పొద్దున ఎనిమిదికి మరదలు కిటికీ తలుపులు తెరిచే చప్పుడు, తమ్ముడు మెట్ల మీద వేసే ఈల. ఇంతకాలం ఆయన్ని నిలబెట్టినవి అలాంటి చిన్న చిన్న చప్పుళ్లే. ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు.

సంగతి విని తమ్ముడు తల పట్టుకున్నాడు. మరదలు మాత్రం పమిట నడుముకు దోపింది.

"బావగారూ, ఒక్క మాట."

"అచ్చుపెట్టేనా?"

"అదే."

అచ్చుపెట్టె గురించి ఆమె ఏడాదిగా చెబుతూనే ఉంది. వాన వచ్చేలా ఉందంటే ఊఁ కొట్టినట్టు అన్నదమ్ములిద్దరూ ఊఁ కొడుతూనే ఉన్నారు. అదేం బ్రహ్మవిద్య కాదు. ప్రతి సైటులోనూ బటన్లుంటాయి, పేరు రాసే గళ్లుంటాయి, తేదీ ఎంచుకునే క్యాలెండరుంటుంది, హెచ్చరిక చూపే పట్టీ ఉంటుంది. వీటిని సైటు సైటుకీ కొత్తగా చెక్కే బదులు, ఒక్కోదాన్ని ఒక్కసారి బాగా చేసి ఒకేచోట పెట్టుకోవాలి. కావలసిన సైటు అక్కణ్ణుంచి తెప్పించుకుని వాడుకోవాలి. రంగులూ, అక్షరాల సైజులూ, ఎడాలూ అన్నీ ఒక చిన్న కొలతల ఫైలులో ఉంటాయి. అక్కడ అంకె మారిస్తే దాన్ని నమ్ముకున్నవన్నీ మారతాయి. ఖాళీ దొరికినప్పుడల్లా మరదలు ఒక్కో అచ్చూ పోసి పెట్టుకుంటూ వచ్చింది. అన్నీ వరసగా కనబడేలా ఒక నమూనాల పేజీ కూడా కట్టింది. చూసేవాళ్లే లేరు.

"ఇప్పుడు చూస్తాం తల్లీ" అన్నాడు పెద్దన్న. "ఇల్లు కాలుతుంటేనే కదా మాకు బావి గుర్తొచ్చేది."

"నువ్వు ముందే తవ్వి పెట్టావు, అది మా అదృష్టం" అని తమ్ముడు భార్య వైపు చూసి నవ్వబోయాడు.

"నవ్వులు తర్వాత. ముందు టికెట్ల సైటులో ఎన్ని రకాల బటన్లున్నాయో చూడండి."

చూస్తే, ఆ ఒక్క సైటులోనే పదకొండు రకాలు తేలాయి. ఒకటి గుండ్రం, ఒకటి పలక. ఒకచోట 'సరే', ఒకచోట 'అలాగే', ఇంకోచోట 'ముందుకు'. పచ్చ రంగులే మూడు.

"ఈ మూడో పచ్చ ఎవరు పెట్టారు?" అంది మరదలు.

"నేనే" అన్నాడు తమ్ముడు. "ఆ రోజు నాకు జ్వరం."

"రంగు చూస్తేనే తెలుస్తోంది లెండి."

మర్నాటి నుంచి పాతవి పీకడం, కొత్తవి తగిలించడం. ప్రతి సైటుకీ అచ్చుపెట్టె అవసరమని ఒక వరస రాస్తే చాలు, పెట్టె వచ్చి చేరుతుంది. పేజీలో బటను ఉన్న చోట పాత ముద్దంతా తీసేసి పెట్టెలోని బటను పేరు రాయాలి. రెండో రోజుకే తమ్ముడు దొరికిపోయాడు. పార్సిళ్ల సైటులో బటను కొంచెం వెడల్పుగా కావాలని, పెట్టెలో ఉన్న కోడును మొత్తం కాపీ చేసి తన సైటులో అతికించి మార్చేసుకున్నాడు.

"పెట్టెలోంచి వాడుకోమన్నాను, పెట్టె బద్దలుకొట్టి పట్టుకుపొమ్మన్నానా?"

"కొంచెం వెడల్పేగా!"

"రేపు నేను పెట్టెలో రంగు మారిస్తే మీ వెడల్పు బటను మారుతుందా? మారదు. మళ్లీ నాలుగోది మరిచిపోయిన కథే. వెడల్పు కావాలంటే నన్నడగండి, పెట్టెలోనే వెడల్పు బటను పెడతాను. అందరికీ పనికొస్తుంది."

"అడిగితే తిడతావని భయం."

"అడక్కపోయినా తిట్టాను కదా. ఏం మిగిలింది?"

పెద్దన్న పక్క గదిలోంచి విని నవ్వుకున్నాడు. ఈ ఇద్దరి పోట్లాట వినబడుతున్నంతసేపూ ఆఫీసు బతికే ఉందని లెక్క.

మంగళవారం మధ్యాహ్నానికి అంతా అమిరినట్టే కనబడింది. ఒకసారి సరిచూసుకుందామన్నారు. తమ్ముడు ఖాళీ కప్పు పట్టుకుని, కాలు మీద కాలు వేసుకుని, మేనేజరమ్మలా గొంతు బాగా తగ్గించాడు.

"అక్షరాలూ గళ్లూ అన్నీ పెద్దవి చేయండమ్మా. నాలుగు చోట్లా."

మరదలు కొలతల ఫైలులో అంకె మార్చింది. నాలుగు కిటికీలు పక్కపక్కన తెరిచి ఉన్న తెర మీద అన్నీ ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నట్టు పెరిగాయి. బటన్లు పెరిగాయి, పేర్ల గళ్లు పెరిగాయి, హెచ్చరిక పట్టీ పెరిగింది. క్యాలెండరు మాత్రం చీమంత కూడా కదల్లేదు. అంతేకాదు, నాలుగు సైట్లలోనూ అది నాలుగు రకాలుగా ఉంది. ఒకచోట ఇరుకు, ఒకచోట వెడల్పు, ఒకచోట వంకర.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అన్నాడు పెద్దన్న నవ్వుతూ. "ఉలిపికట్టె ఎవరిదో తెలిసిందిలే. అది నేను రాసిందేగా, నేను చూస్తాను జరగండి."

జరిగారు గానీ, ఇద్దరూ నేల చూపులు చూస్తున్నారు. పెద్దన్న గమనించలేదు. తన పాత ఫైలు తెరిచి గడి సైజు పెంచాడు. తెర మీద మార్పు లేదు. ఇంకా పెంచాడు. లేదు. పరీక్షకని రంగు ఎర్రగా మార్చాడు. ఎరుపు జాడే లేదు. చివరికి విసుగొచ్చి నెల పేరు కనబడే వరస ఏకంగా దాచేశాడు. నెల పేరు దర్జాగా అక్కడే కూర్చుని ఉంది.

"ఏమిట్రా ఇది? నేను కోడు మారుస్తున్నానా, గోడకి కథ చెబుతున్నానా?"

తమ్ముడు మెడ గోక్కున్నాడు. "అన్నయ్యా... దాని మీద దుప్పటి ఉంది."

"దుప్పటేమిటి?"

"చిన్న ఫోన్లలో నీ క్యాలెండర్‌కి శనివారం రాలిపోయేది. ఆదివారం నుంచి శుక్రవారం దాకా కనబడి, శనివారం తెర అవతలికి పోయేది. పడవలకి జనమెక్కువ శనివారమే కదా, తెగ ఫోన్లొచ్చాయి. టికెట్ల దాంట్లో నీ ఫైలు ముట్టుకోకుండా, దాని మాట చెల్లకుండా పైన ఇంకో ఫైలు కప్పాను. తర్వాత పార్సిళ్ల దాంట్లో ఇంకోటి కప్పాను."

"మిగతా రెండింట్లోనూ?"

"అవి నేను కప్పినవండీ" అంది మరదలు మెల్లిగా. "ఈయన అప్పటికే కప్పారని తెలీక, నా మటుకు నేను కప్పాను."

"ఎప్పటి మాట ఇది?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిల్లి మెడలో గంట కట్టింది చివరికి తమ్ముడే. "వదిన పోయిన ఏడాది. నువ్వు ఆఫీసుకొచ్చి ఆ పేజీ తెరుచుకుని అలా చూస్తూ కూర్చునేవాడివి. అది తప్పని నీకెలా చెప్తాం అన్నయ్యా? తర్వాతేమో చెప్పకపోవడమే అలవాటైపోయింది."

పెద్దన్న లేచి బల్ల మీది కప్పులు మూడూ తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లాడు.

క్యాలెండరు రాసిన రోజుల్లో ఆయన భార్య పక్కన పీట మీద కూర్చునేది. కోడు ఆవిడకి తెలీదు, అవసరమూ పడలేదు. చూసి, "ఇందులో ఈరోజు ఎక్కడుందండీ?" అని అడిగింది. అన్ని తేదీలూ ఒకేలా ఉన్నాయి మరి. "ఈరోజు కనబడకపోతే మనిషి రేపటికి టికెట్టు ఎలా కొంటాడు?" ఆ మాట మీదే ఆయన ఈరోజు గడికి పసుపు రంగు వేశాడు. ఆవిడ తల ఊపింది. అంతే జరిగింది. ఆ పసుపు చూసుకుంటూనే ఆయన ఒక ఏడాది గడిపాడు. శనివారం రాలిపోయిన సంగతి ఆయన కంట పడనేలేదు. ఆ ఏడాదంతా వెనక ఇద్దరు మనుషులు, నిద్రపోయేవాడి గదిలో నడిచినట్టు, మునివేళ్ల మీద నడిచారన్నమాట.

కప్పులు ఒకటికి రెండుసార్లు కడిగాడు. చన్నీళ్లు చేతికి హాయిగా ఉన్నాయి. వెనక్కి వచ్చేటప్పటికి ఆయన మొహంలో ఏదో తేలికదనం ఉంది.

"దుప్పట్లు తీసేయండి" అన్నాడు. "కింద ఉన్నదీ తీసేయండి. కొత్తది నేను రాస్తాను, పెట్టె పద్ధతిలో. నువ్వు చూసి, తప్పుంటే వెనక్కి కొట్టమ్మా."

"మీ పనా? నేనా?" మరదలు కంగారుపడింది.

"ఈ మొహమాటమే కదా మన క్యాలెండర్‌కి నాలుగు మొహాలు తెచ్చింది! ఈసారి మొహమాటపడ్డావంటే పడవలు మునుగుతాయి."

బుధవారం పొద్దున్న ఆయన రాసి పంపాడు. పావుగంటలో వెనక్కొచ్చింది.

"బావగారూ, కోప్పడనంటే ఒకటి చెప్తాను."

"కోప్పడతాను, అయినా చెప్పు."

"రంగులు నేరుగా రాసేశారు. కొలతల ఫైలులోంచి తీసుకోవాలి. అందులో పసుపు లేదు. ఉన్న రంగులే వాడాలి. అందరికీ చెప్పిన రూలే ఇది."

పెద్దన్న ఆ పసుపు గడిని ఒకసారి చూసుకున్నాడు. తర్వాత పసుపు తీసేసి, ఉన్నవాటిలో నీలం పెట్టాడు. రూలు రూలే. తప్పుంటే వెనక్కి కొట్టమన్నది తనే.

రెండోసారీ వెనక్కొచ్చింది. చూపు లేనివాళ్ల కోసం తెర మీది మాటలు చదివి వినిపించే పరికరం ఉంటుంది కదా, అది ఈ క్యాలెండరు దగ్గరికొచ్చి "పద్నాలుగు, పదిహేను" అని వట్టి అంకెలు చదువుతోందట. ఏ నెలో, ఏ వారమో చెప్పాలి. బాణాల మీటలతో రోజు నుంచి రోజుకి కదలాలి. ఆయన అవీ దిద్దాడు.

"నాకు కూడా ఇంత నిక్కచ్చిగా ఎప్పుడూ చెప్పలేదు" అని తమ్ముడు ఈర్ష్యపడ్డాడు.

"మీకు చెప్తే వింటారా? ఆయన వింటున్నారు."

మూడోసారి వెనక్కి రాలేదు. "చేర్చేశాను బావగారూ, నమూనాల పేజీ చూడండి" అని మాత్రం వినబడింది. తెరిచాడు. బటన్ల కింద, పట్టీల కింద, తన క్యాలెండరు. ఈరోజు గడి పసుపుగా ఉంది.

"ఇదేమిటి? పసుపు లేదన్నావుగా?"

"పెట్టెలో లేని రంగు వాడకూడదన్నాను. ఇప్పుడు పెట్టెలో ఉంది." మరదలు తెర మీంచి తల తిప్పలేదు. "కొలతల ఫైలు చూడండి. దాని పేరే 'ఈరోజు'. క్యాలెండర్‌కే కాదు, తర్వాతి పడవ ఏదో చూపించే కార్డుకీ అదే పెట్టాను. ఆ రోజు అక్క మీతో అన్న మాట నేనూ విన్నాను. నిజమే కదండీ, ఇప్పుడెక్కడున్నామో తెలియాలి."

ఆ రోజు భోజనాల దగ్గర పెద్దన్న మారు అన్నం పెట్టించుకున్నాడు. అది చూసి తమ్ముడికి సంతోషమైంది గానీ, పైకి మాత్రం "పెట్టె నీదీ, ఆకలి ఆయనదీ, వడ్డన నాదీనా" అని సణిగాడు.

గురువారం మేనేజరమ్మ ఒంటరిగా రాలేదు. వెంట పడవ నడిపే సరంగును ఒకాయన్ని తీసుకొచ్చింది. జీవితమంతా నీళ్ల మీదే గడిపిన మనిషి, నడుస్తుంటే నేల కూడా ఊగుతుందేమో అన్నంత జాగ్రత్తగా అడుగులేస్తాడు. కుర్చీ చూపిస్తే ముందు దాన్ని ఒకసారి కదిపి చూసి కూర్చున్నాడు.

తమ్ముడు కాఫీలు తెచ్చాడు. మేనేజరమ్మ కప్పు అందుకుంది గానీ తాగలేదు. "మార్పు నేను కాదు, ఈయన అడుగుతాడు" అంది.

సరంగు కుడిచెయ్యి బల్ల మీద పరిచాడు. "అమ్మాయ్, ఈ బొటనవేలు చూడు. తాళ్లు లాగీ లాగీ ఇలా తయారైంది. పడవ ఊగుతుంటుంది, చెయ్యి తడిగా ఉంటుంది. దీంతో పద్నాలుగు నొక్కితే కిందున్న ఇరవై ఒకటి పడుతోంది. మా మనవరాలికి పాసు కట్టబోయి రెండుసార్లు వేరే వారానికి కట్టాను. నా వేలు చిన్నది చేసుకోలేను. మీ గళ్లు పెద్దవి చేయండి."

"అన్నీ" అంది మేనేజరమ్మ. "గళ్లూ, బటన్లూ. నాలుగు చోట్లా." అప్పుడు మొదటి గుక్క తాగింది. ఆ తర్వాత సంచిలోంచి ఒక పాత ఫోను తీసి బల్ల మీద పెట్టింది. మూల పగిలిన, అరచేతిలో సగం కూడా నిండని ఫోను. "మా అమ్మది. చూసేది దీంట్లో."

తమ్ముడి మొహం పాలిపోయింది. అంత చిన్న తెరలో గళ్లు పెద్దవైతే వారం పట్టేదెలా? శనివారం మొట్టమొదట రాలిపోయేది సరిగ్గా ఇలాంటి ఫోన్లలోనే.

మరదలు కుర్చీ పెద్దన్న వైపు తిప్పింది. "మీరు మార్చండి బావగారూ."

"పెట్టె నీది. నువ్వే మార్చు. నేను ఫోను పట్టుకుంటాను."

ఆమె కొలతల ఫైలు తెరిచింది. వేలు తగిలే చోటు కనీసం ఎంత ఉండాలో చెప్పే అంకె అందులో ఒకటే ఉంది. దాన్ని చెరిపి, పెద్ద అంకె రాసింది. పెట్టెకి కొత్త వెర్షను నంబరు వేసి పంపింది. నాలుగు సైట్లూ కొత్త పెట్టెను తెచ్చుకోవడం మొదలుపెట్టాయి. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. కింద దుకాణంలో ఎవరో సైకిలు గంట మోగించి చూసుకుంటున్నారు.

చక్రం ఆగింది. పెద్దన్న పాత ఫోనులో పాసుల సైటు తెరిచి సరంగు చేతికిచ్చాడు.

సరంగు కళ్లజోడు సర్దుకుని, బొటనవేలు గడి గడి మీదా ఆనిస్తూ చదివాడు. "ఆది. సోమ. మంగళ. బుధ." ఒక్కో గడీ వేలికి సరిపోయింది. "గురు. శుక్ర." అక్కడ ఆగి, కళ్లజోడు తీసి చొక్కాతో తుడిచాడు. ఆయన తుడిచినంతసేపూ తమ్ముడు ఊపిరి తీసుకోలేదు. పెద్దన్న మాత్రం నిమ్మళంగా ఉన్నాడు. చోటు చాలకపోతే గడి కుదించుకోకూడదు, గడికీ గడికీ మధ్య ఎడం తగ్గాలి, అంచుల్లో ఖాళీ తగ్గాలి. ఆ ఒక్క సంగతి నిన్న ఎంతసేపు కూర్చుని కుదిర్చాడో ఆయనకే తెలుసు.

"శని" అన్నాడు సరంగు. "ఇదుగో. గోడకి ఆనుకుని నిలబడింది, ఎక్కడికీ పోలేదు." పద్నాలుగు నొక్కాడు. పద్నాలుగే పడింది.

"బండ్ల దాంట్లో చూపించండి" అంది మేనేజరమ్మ. మారింది. "పార్సిళ్లు?" మారింది. "టికెట్లు?" అదీ మారింది. ఆవిడ ఊరుకోలేదు. "ఇప్పుడు పొగమంచు పట్టిందనుకోండి. పడవ రద్దు."

మరదలు ఒక్కచోట ఒక్క వాక్యం రాసింది. నాలుగు తెరల మీదా, నలుగురు ఒకేసారి తల ఎత్తినట్టు, ఒకే పట్టీ లేచింది. 'పొగమంచు వల్ల పొద్దుటి పడవ రద్దు. ఇంటి దగ్గరే ఉండండి.'

మేనేజరమ్మ ఆ నాలుగింటినీ ఒకదాని తర్వాత ఒకటి చదివింది. ఆవిడ చదవగానే మరదలు ఆ పట్టీ తీసేసింది. కప్పు వైపు చూసుకుంది. ఇంకా సగానికి పైగానే ఉంది, ఆవిరి వస్తూనే ఉంది.

"బావుంది!" అంది.

ఎంత గట్టిగా అందంటే, కింద సైకిళ్ల మేస్త్రి బయటికొచ్చి పైకి చూసి, "ఏమైందండీ?" అని అరిచాడు.

"ఏం కాలేదు, శనివారం దొరికింది!" అని తమ్ముడు కిటికీలోంచి కేకేశాడు.

"గురువారంనాడు శనివారమేమిటయ్యా!" అంటూ మేస్త్రి లోపలికి పోయాడు.

సరంగు లేస్తూ పెద్దన్న భుజం తట్టాడు. "ఇంతకీ ఈ క్యాలెండరు చేసిందెవరు?"

"మేమందరం" అన్నాడు పెద్దన్న. "ఆ పసుపు మాత్రం మా ఆవిడది" అన్నాడు. ఆ మాట అనగలగడం ఆయనకే వింతగా తోచింది.

మేనేజరమ్మ మెట్లు దిగుతూ వెనక్కి తిరిగింది. "పెద్ద కంపెనీవాళ్లకి ఫోన్ చేసి వద్దని చెప్పేస్తాను. మా అమ్మ ఫోన్ ఇలా ఇవ్వండి, మరిచిపోయాను."

మళ్లీ పొగమంచు పట్టడానికి ఎన్నో రోజులు పట్టలేదు. ఆ పొద్దున్న ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు లేచి, రేవు దగ్గర ఒకరికొకరు ఎదురుపడ్డారు. తమ్ముడూ మరదలూ ఒకే ఇంట్లో ఉంటూ వేరువేరుగా ఎలా వచ్చారన్నది మాత్రం వాళ్లకే తెలియాలి.

"నువ్వెందుకొచ్చావు?" అన్నాడు తమ్ముడు.

"మీరెందుకొచ్చారో అందుకే."

నీళ్లు కనబడటం లేదు, పడవ కనబడటం లేదు. తెల్లటి మంచులో దీపం ఒకటి మసకగా వెలుగుతోంది. జనం నిలబడే చోటు ఖాళీగా ఉంది. ఒక్క చంటిపిల్ల ఏడుపు లేదు. ఒక్క పెట్టె లేదు, సంచి లేదు. బెంచీల మీద మంచు తప్ప ఎవరూ కూర్చోలేదు.

పెద్దన్న ఆ ఖాళీని చాలాసేపు చూశాడు. జాతరలో నిండిన వీధిని చూసినా ఆయనకి ఇంత సంతోషం కలిగేది కాదు.

"అందరూ ఇళ్లలో ఉన్నారు" అన్నాడు.

"మనం తప్ప" అంది మరదలు చేతులు రుద్దుకుంటూ. "సైటు చూసుకోకుండా వచ్చిన తెలివితక్కువవాళ్లం మనం ముగ్గురమే."

ముగ్గురి నవ్వుకీ సరంగు పడవలోంచి తల బయటపెట్టాడు. "రద్దని రాసింది కనబడలేదా?" అని మంచులోంచి గద్దించాడు. "పొండి, పొండి. ఇళ్లకి పొండి!"